రాతి మీద రెండు గీతలు: అమరావతి స్త్రీల కట్టు వెతుక్కుంటూ పోయిన ఒక కేసు

"వాళ్ళకి అసలు బట్టలే లేవు కదండీ, ఇక మీకు పనేముంది?"

మొదటి మీటింగులో లైట్లు చూసే కుర్రాడు నవ్వుతూ అన్న మాట ఇది. టేబుల్ నిండా అమరావతి శిల్పాల ఫొటోలు పరిచి ఉన్నాయి. అతన్ని తప్పు పట్టలేను. ఆ ఫొటోలు చూసిన ఎవరికైనా ముందు అదే అనిపిస్తుంది. మోచేతుల దాకా గాజులు, కాళ్ళకి బరువైన అందెలు, నడుముకి వరసలు వరసలుగా మేఖల. బట్ట మాత్రం ఎక్కడా కనపడదు.

నేను నృత్యరూపకాలకీ నాటకాలకీ బట్టలు తయారు చేయిస్తాను. కూచిపూడి ఆహార్యం, పౌరాణిక నాటకాల జరీ అంగీలు, స్కూలు వార్షికోత్సవాల రాణీ రుద్రమలు, అన్నీ చేశాను. ఈ పని వాటిలాంటిది కాదు. అందుకే మొదటి నుంచి చివరిదాకా రాస్తున్నాను, చేసిన తప్పులతో సహా. ఇలాంటి పని నెత్తినేసుకునే వాళ్ళకి నా ఫలితం కంటే నా తప్పులే ఎక్కువ పనికొస్తాయి.

పని ఏమిటంటే, ముప్పావుగంట నృత్యరూపకం. తొమ్మిదిమంది అమ్మాయిలు. చేతిలో పది వారాలు. కథ రాజులది కాదు, స్తూపాలకి దానాలిచ్చిన ఆడవాళ్ళది. ప్రధాన పాత్ర నాగార్జునకొండ మహాచైత్యానికి దాత అయిన చాంతిసిరి. ఇక్ష్వాకు రాజు వాసిష్ఠీపుత్ర చాంతమూలుడి తోబుట్టువు, ఆ తర్వాత రాజైన వీరపురుషదత్తుడికి మేనత్త. రెండో పాత్ర బోధిసిరి అనే ఉపాసిక. ఆమె శాసనం చదువుతుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది: పూర్వశైలంలో ఒక చెరువు, పుష్పగిరిలో ఒక రాతి మండపం, పాపిలలో ఏడు గదులు, కంటకసెలలో మహాచైత్యం తూర్పు ద్వారం దగ్గర మరో రాతి మండపం. ఆ కంటకసెల ఇప్పటి మన ఘంటసాలే. అమరావతి నుంచి విధికుడనే చర్మకారుడి కుటుంబాన్ని తీసుకున్నారు. పూర్ణఘటం చెక్కిన ఒక పలకని అతను తల్లి, భార్య, అన్నదమ్ములు, కొడుకు, కూతుళ్ళతో కలిసి ఇచ్చాడు. ఆ తల్లీ, భార్యా, కూతుళ్ళూ మన వేదిక మీదకి రావాలి. ఇంకా ఒక భిక్షుణి, పరిచారికలు.

డైరెక్టరుగారు నాతో అన్నది ఒక్కటే: "అక్కా, టీవీ సీరియల్ లాగా ఉండకూడదు. శిల్పంలోంచి దిగి నడిచొచ్చినట్టు ఉండాలి."

ఎగ్మూరులో రెండు రోజులు

అమరావతి శిల్పాలు చూడాలంటే అమరావతి ఒక్కటీ చాలదు. 1797లో కాలిన్ మెకంజీ కంటపడ్డ దగ్గర్నుంచి ఆ స్తూపం రాళ్ళు తలోదిక్కుకీ పోయాయి. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించినవి మద్రాసు చేరి, వాటిలో చాలావరకు 1859లో ఓడెక్కి లండన్ వెళ్ళాయి. ఇప్పుడవి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. మిగిలిన పెద్ద భాగం చెన్నై ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. నేను అక్కడికే వెళ్ళాను.

నలగిరి పలకం ముందు చాలాసేపు నిలబడ్డాను. మదమెక్కిన ఏనుగు వీధిలో పడి మనుషుల్ని తొక్కేస్తుంటుంది, పక్కనే అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకరిల్లుతుంది. భయంతో వెనక్కి ఒరిగిపోయే స్త్రీ, గవాక్షాల్లోంచి తొంగిచూసే ముఖాలు. కళ గురించి రాసేవాళ్ళు ఆ భయాన్ని చూస్తారు. బట్టల మనిషిని కాబట్టి నేను చీలమండల్నే చూస్తున్నాను.

ఎదురుగా నిలబడితే రాయి నున్నగా ఉంది. ఫోన్ టార్చి వేయబోతే గార్డు వారించాడు, అది న్యాయమే. పక్కకి జరిగి, గోడవారగా నిలబడి, కిటికీ వెలుతురు ఏటవాలుగా పడే కోణంలోంచి చూశాను. అప్పుడు తెలిసింది. అందెలకి కాస్త పైన సన్నటి గీత. దాన్ని ఆనుకునే ఇంకో గీత. అది బట్ట అంచు. అక్కడి నుంచి పైకి చూపు జరిపితే పిక్క మీద, తొడ మీద ఒంపు తిరుగుతూ మళ్ళీ జంట గీతలు. అవి ముడతలు. నడుము దగ్గర మేఖల కింద ఒక నడికట్టు, పక్కన దాని ముడి, ముడిలోంచి వేలాడే రెండు కొసలు. అంటే బొడ్డు కింద నుంచి చీలమండ దాకా బట్ట ఉంది. ఒంటి రేఖ దాచనంత పల్చటి బట్ట. శిల్పి దాన్ని బట్టగా చెక్కలేదు, అది ఎక్కడ మొదలైందో, ఎక్కడ ఆగిందో మాత్రం చెప్పి వదిలేశాడు.

ఇందులో శిల్పి సంప్రదాయం ఎంత, నిజంగా బట్ట పల్చదనం ఎంత అని నన్నడిగితే రెండూ ఉన్నాయంటాను. పల్నాటి సున్నపురాయిలో ముతక బట్టని ముతగ్గానే చెక్కొచ్చు. నాగార్జునకొండ స్తంభం మీద శక సైనికుడొకడున్నాడు. కుట్టిన అంగీ, పైజామా, వాటి మందం, అన్నీ తెలుస్తాయి. శిల్పికి మందం చూపించడం చేతకాక కాదు. ఈ ఆడవాళ్ళ దగ్గర చూపించాల్సినంత మందం అతనికి కనపడలేదు.

రెండో రోజు, బుద్ధపాదాల ముందు వంగి మొక్కే స్త్రీల శిల్పం. నాలాంటి వాళ్ళకి ఇది నిధి. నిలబడ్డ బొమ్మలు ముందు వైపే చూపిస్తాయి. వీళ్ళు వంగారు కాబట్టి వీపు, నడుము, కట్టు బిగువు తెలుస్తాయి. అమరావతిలో కచ్చ పోసిన కట్టూ ఉంది, పోయనిదీ ఉంది. పై ఒంటికి రవిక లాంటిది లేదు. భుజం మీదో చేతుల మీదో ఉత్తరీయం ఉంటే ఉంది, లేకపోతే లేదు.

ఇంకొక్క శిల్పం చెప్పి ఈ సంగతి ముగిస్తాను. అది లండన్‌లో ఉంది, నేను చూసింది ఫొటోలోనే. ఒకే పలకలో నాలుగు ఘట్టాలు: మాయాదేవి కల, ఆ కలకి అర్థం చెప్పడం, బుద్ధుడి పుట్టుక, బిడ్డని శాక్యుల యక్షుడి దగ్గరకి తీసుకెళ్ళడం. పుట్టుక ఘట్టంలో బిడ్డ లేడు. మాయాదేవి చెట్టుకొమ్మ పట్టుకుని నిలబడి ఉంటుంది, పక్కన దేవతలు పొడవాటి వస్త్రాన్ని చేతుల్లో పట్టుకుని ఉంటారు. ఆ వస్త్రం మీద బుల్లి పాదముద్రలు. అంతే. బిడ్డంటే ఆ గుడ్డే. శిల్పాల్లో ఒంటి మీద లేని బట్ట, చేతుల్లో విప్పిన బట్ట చాలా అరుదు. అది చేతుల మధ్య ఎలా వేలాడుతోందో, అంచు ఎలా ఒరిగిందో చూసి ఒక్క విషయం రాసుకున్నాను: "గంజి లేదు. మెత్తన. బరువు కిందకి లాగుతోంది."

ఆ మూడు ముక్కలూ డైరీలో రాసుకుని కూడా వాటిని పట్టించుకోకపోవడం నా మొదటి తప్పు.

పాడుచేసిన తొమ్మిది సెట్లు

తిరిగొచ్చేసరికి టైమ్ టెన్షన్ మొదలైంది. పల్చగా, ఒంటికి అతుక్కునేది కావాలి కదా అని హోల్‌సేల్ షాపులో లేతరంగు జార్జెట్ తీసుకుని తొమ్మిది సెట్లూ ఒకేసారి కట్ చేయించాను. ఒకటి చేసి, ఒక్క అమ్మాయికి కట్టి, ఒక్కపూట ఆడించి చూడాలని కొత్తగా చేరిన అసిస్టెంటుకి నేనే పాఠం చెబుతాను. నేనే చేయలేదు.

రిహార్సల్లో అరమండి వేయగానే, అంటే మోకాళ్ళు పక్కలకి వంచి సగం కూర్చోగానే, గుడ్డ తొడల మీద నుంచి పైకి జారి అక్కడే ఉండిపోయింది. కాలు చాపితే కిందకి రాదు. లైటు పడితే చేప పొలుసులా మెరుపు. అన్నిటికన్నా ఘోరం నడుము దగ్గర. శిల్పంలో కట్టు బొడ్డుకి బెత్తెడు కింద, తుంటి ఎముక మీద కూర్చుంటుంది. జార్జెట్‌ని అక్కడ ముడేస్తే రెండు అడుగుల్లో జారిపోతోంది. పిన్నులు పెట్టాం. పిన్నులు పెట్టాక అమ్మాయిలు నడుము తిప్పడం మానేశారు. భయం మొహంలో తెలుస్తూనే ఉంది.

తర్వాత మిల్లు మల్లు తెచ్చాం. జారడం తగ్గింది, కానీ అది బూరెలా పొంగింది. ఉతికి గంజి తీసేసినా కుచ్చిళ్ళు ఒంటిమీద వాలవు, విసనకర్రలా విచ్చుకుని నిలబడతాయి. శిల్పంలో ముడత జంట గీతగా పడుకుని ఉంటే, మా అమ్మాయిల మీద అది లేచి నిలబడింది.

పది వారాల్లో మూడు అయిపోయాయి. డబ్బు సంగతి రాయను.

నూలు దగ్గరికి

అప్పటిదాకా నా ప్రశ్న "ఎలా కట్టారు?" అని. మల్లు కూడా ఓడిపోయాక ప్రశ్న మారింది: "ఆ బట్ట అలా ఎందుకు పడింది?" బట్ట వాలు నేతలో కొంత ఉంటుంది, ఎక్కువ నూలులో ఉంటుంది. పోగుకి పురి ఎంత బిగువుగా పడింది, ఆ పురి అంతటా ఒకే తీరుగా ఉందా అన్న దాన్ని బట్టి గుడ్డకి స్వభావం వస్తుంది. మరి ఆ కాలంలో నూలు తీసింది ఎవరు?

దానాల రాళ్ళ మీద తమ పేర్లు వేయించుకున్న ఆడవాళ్ళున్నారు. నూలు వడికిన ఆడవాళ్ళ జాడ కోసం వేరే చోట వెతకాలి. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో సూత్రాధ్యక్షుడి గురించి ఒక అధ్యాయం ఉంది. ఆ గ్రంథం క్రీ.శ. తొలి శతాబ్దాల దాకా రూపు దిద్దుకుంటూ వచ్చిందని చాలామంది పండితుల అభిప్రాయం. కాబట్టి అమరావతి కాలానికి మరీ దూరం కాదు. ఉన్ని, నార, పత్తి, బూరుగుదూది, జనుము, అవిసె నూలు ఎవరి చేత వడికించాలో అందులో ఉంది: విధవలు, అంగవైకల్యం ఉన్నవాళ్ళు, కన్యలు, సన్యాసినులు, జరిమానా కట్టలేక పనితో తీర్చుకునేవాళ్ళు, వేశ్యల తల్లులు, ముసలివాళ్ళైన రాజదాసీలు, గుడిలో సేవ ముగిసిపోయిన దేవదాసీలు. అంటే వేరే ఆధారం లేని ఆడవాళ్ళందరూ కదురు దగ్గరికి చేరేవారన్నమాట.

ఆ తర్వాతి వాక్యాలు నన్ను ఎక్కువ పట్టుకున్నాయి. కూలి నూలు సన్నమా, ముతకా, మధ్యరకమా అన్నదాన్ని బట్టి. ఎక్కువ తీసిన వాళ్ళకి నూనె, ఉసిరిక పిండి బహుమానం. పండగ రోజుల్లో పని చేయించాలంటే కానుకలిచ్చి చేయించాలి. గడప దాటని ఆడవాళ్ళకి దాసీల చేత పని ఇంటికి పంపించాలి. స్వయంగా నూలు తెచ్చే వాళ్ళు తెల్లవారుజామున వస్తారు. అక్కడ దీపం నూలు చూసుకునేంత వరకే. ఆమె ముఖం చూసినా, పనికి సంబంధం లేని మాట మాట్లాడినా అధికారికి జరిమానా. కూలి ఇవ్వడం ఆలస్యం చేస్తే అంతకన్నా పెద్ద జరిమానా. అక్కడిదాకా చదివి, ఫర్వాలేదే, ఆడకూలీల గురించి బాగానే ఆలోచించారు అనుకున్నాను. ఆ వెంటనే ఇంకో మాట ఉంది: కూలి తీసుకుని పని చేయని దానికి బొటనవేలూ దాని పక్క వేలూ నరకాలి. నూలు తీసేది ఆ రెండు వేళ్ళతోనే.

డైరెక్టరుగారికి ఇది ఫోన్లో చదివి వినిపించాను. ఆవిడ కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత రూపకంలో ఒక పరిచారికని తీసేసి, తెల్లవారుజామున నూలు కండె పట్టుకుని దీపం దగ్గరికొచ్చే స్త్రీని పెట్టారు. ఆమె రంగస్థలం మీద ఉండేది నిమిషంన్నరే. ముఖం కనపడదు, చేతులు మాత్రం వెలుగులో ఉంటాయి.

పొందూరు

చేతినూలు సన్నగా తీసే చోటు మనకి దగ్గర్లోనే ఉంది. శ్రీకాకుళం జిల్లా పొందూరు. ఒంటి కదురు రాట్నం మీద 100 కౌంట్ నూలు తీస్తారు (కౌంట్ పెరిగేకొద్దీ నూలు సన్నం). అమరావతి బట్ట పొందూరు బట్టేనని నేను అనడం లేదు, అలా ఎవరైనా అంటే నమ్మకండి కూడా. కృష్ణా ముఖద్వారం ఉన్న మసాలియా ప్రాంతంలో నూలు బట్టలు విరివిగా తయారవుతాయని క్రీ.శ. 1వ శతాబ్దపు గ్రీకు నౌకా గ్రంథం పెరిప్లస్ చెబుతుంది. మన తీరంలో మంచి నూలు బట్ట ఉండేదనడానికి అంతమాత్రం చాలు. అది ఏ పత్తి, ఏ కౌంట్ అన్నది ఆ గ్రంథం చెప్పదు. నాక్కావలసింది చేత్తో తీసిన సన్న నూలు ఒంటిమీద ఎలా పడుతుందో చూడటం.

నేను కూర్చున్నది ఒక పెద్దావిడ వాకిట్లో. ముందు పత్తి దువ్వుతోంది. దువ్వెన వాలుగ చేప దవడ. సన్నటి పళ్ళ వరస. గింజని ఎడమచేత్తో పట్టుకుని, దాని చుట్టూ ఉన్న పీచుని దవడతో ఒక్కో దెబ్బా వేస్తూ దువ్వుతుంటే నలుసూ చెత్తా రాలిపోయి పీచు ఒకే దిక్కుకి పడుకుంటోంది. దువ్వగా దువ్వగా ఒక్క గింజ చుట్టూ మేఘంలా తయారైంది. తర్వాత గింజ తీయడం, దూది ఏకడం, ఏకులు చుట్టడం. ఏకు చెదరకుండా ఎండిన అరటి బోదె పొరలో పెట్టుకుని దాంతోనే వడుకుతారు. కుడిచేత్తో చక్రం, ఎడమచేతి రెండు వేళ్ళ మధ్య నుంచి పోగు. అర్థశాస్త్రం చెప్పిన ఆ రెండు వేళ్ళే. చూపు అటు తిప్పుకోవడానికి కొంచెం టైమ్ పట్టింది.

శిల్పం ఫొటో చూపించాను. ఆవిడ ఫోన్ దగ్గరికి తెచ్చుకుని చూసి, "ఇదేటమ్మా, రాయిని సూసి గుడ్డ నేయిత్తావా?" అంది. నవ్వుతూ అన్నా, తర్వాత మాట మాత్రం పనిమాట. "పురి ఎక్కువెయ్యకూడదు. ఎక్కువేత్తే బిర్రుగుంటాది, ఇలగ వాలదు."

మిల్లు మల్లు బూరెలా ఎందుకు పొంగిందో ఆ ఒక్క ముక్కలో తెలిసిపోయింది. మిల్లు మరకి పోగు తెగకూడదు, అందుకని పురి బిగించి వేస్తుంది. చెయ్యి మాత్రం పోగు తెగేలోపే తెలుసుకుని వదులుతుంది.

పత్తి మాటొచ్చింది కాబట్టి ఒక పక్కమాట. హాలుడి గాథాసప్తశతిలో పత్తిచేను దున్నడానికి మంచిరోజున నాగలికి పూజ చేసే ఆడమనిషి ఒకామె ఉంది. ఆమె చేతులు వణుకుతుంటాయి. భక్తితో కాదు. చేను ఎదిగాక అందులో ఎవరిని కలుసుకోబోతుందో తలుచుకుని. సాతవాహనుల నాటి ప్రాకృత కవిత్వానికి పత్తిచేను ఎత్తు తెలుసు. ఈ గాథని రూపకంలో పెట్టమన్నాను. "మన ఆడియెన్సుకి పిల్లలూ వస్తారక్కా" అన్నారు. సరే.

ఇరవై తొమ్మిది కిలోమీటర్లు

లెక్క వేసుకున్నాం. ఇది ముందే వేసి ఉంటే జార్జెట్ జోలికి పోయేదాన్ని కాదు. లెక్క చూసి భయపడి పని మానేసేదాన్నేమో కూడా.

అంతరీయం, అంటే నడుముకి కట్టే గుడ్డ, పొడవు నాలుగుంపావు మీటర్లు, పన్నా (వెడల్పు) 44 అంగుళాలు. అంగుళానికి పడుగు (గుడ్డ పొడవునా సాగే పోగులు) 80, పేక (అడ్డంగా నేసే పోగులు) 76. పడుగు మొత్తం 3,520 పోగులు, అంటే 15 కిలోమీటర్ల నూలు. పేక 14 కిలోమీటర్లు. కలిపితే ఒక్క అంతరీయానికి 29 కిలోమీటర్లు. 100 కౌంట్ అంటే ఒక పౌను బరువుకి సుమారు 76 కిలోమీటర్ల నూలు, కాబట్టి ఈ 29 కిలోమీటర్ల గుడ్డ బరువు 170 గ్రాములు. ఒక మామిడికాయంత.

మాకు నూలు తీసిన వాళ్ళ చేతిలో రోజుకి 1,000 మీటర్ల చిలపలు (నూలు చుట్టలు) రెండు వచ్చాయి. ఒక్క అంతరీయానికి ఒక మనిషి రెండు వారాల పని. తొమ్మిదింటికి నాలుగు నెలలు దాటుతుంది. మా దగ్గర అంత టైమూ లేదు, డబ్బూ లేదు. కోశాధికారిగారు ధర విని కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు. ఆయనకి నాసిక్ శాసనం కథ చెప్పాను. క్షత్రప రాజు నహపానుడి అల్లుడు ఉషవదాతుడు గోవర్ధనంలోని సాలెవాళ్ళ శ్రేణుల (సంఘాల) దగ్గర 3,000 కార్షాపణాలు శాశ్వతంగా జమ వేశాడు. అందులో 2,000 నెలకి నూటికి ఒకటి వడ్డీకి. ఆ వడ్డీతో ఇరవైమంది భిక్షువులకి తలా 12 కార్షాపణాలు బట్టల ఖర్చు. లెక్క సరిపోతుంది, మీరూ వేసి చూడండి. గుడ్డ ఖర్చుకి బ్యాంకు డిపాజిట్టు, ఆ బ్యాంకు సాలెవాళ్ళే. ఆయన నవ్వి, "మనకీ ఎవరైనా అలా జమ వేస్తే బావుణ్ణు" అన్నారు కానీ మూడింటికి ఒప్పుకున్నారు.

అలా చాంతిసిరి, బోధిసిరి, విధికుడి తల్లి, ఈ ముగ్గురికే చేతినూలు. అయిదుగురు ఆడవాళ్ళు తొమ్మిది రోజులు వడికారు. మిగతా ఆరు మంగళగిరిలో మిల్లు నూలుతో మగ్గం మీద నేయించాం, పేక కాస్త పలచన చేసి. ఇది రాజీయే. దాచను.

కట్టు

మగ్గం మీద నుంచి దిగిన మొదటి గుడ్డని గంజి పోయేదాకా మూడుసార్లు ఉతికి, పిండకుండా నీడన ఆరేసి, తడి పూర్తిగా ఆరకముందే అమ్మాయికి కట్టాం. ఈ చివరి ముక్క ముఖ్యం. చెమ్మ మీద ఒంటికి అలవాటు పడిన గుడ్డ ఆరాక ఆ ఒంపు మర్చిపోదు.

గుడ్డ మధ్యభాగం నడుము వెనక. రెండు కొసలూ ముందుకి. తుంటి ఎముక మీద ఒకే ముడి, రెండో ముడి లేదు. కుడి కొసని వేలెడు వెడల్పు కుచ్చిళ్ళు పోసి బొడ్డు కింద దోపాం. ఎడమ కొసని కాళ్ళ మధ్య నుంచి తీసి వెనక కచ్చగా దోపాం. దాని మీద నడికట్టు: ఆరంగుళాల పట్టీ, రెండు చుట్లు, కుడివైపు ఉచ్చుముడి. ఇక్కడే అసలు సంగతి దొరికింది. నడికట్టు అలంకారం కాదు. అది లేకపోతే ఆ పల్చటి ముడి నిలవదు. మేఖల పూసల వరసలు దాని మీద కూర్చుని ఆ బరువుతో మళ్ళీ నడికట్టుని నొక్కి పెడతాయి. జార్జెట్ రోజుల్లో నేను పిన్నులతో పడ్డ బాధంతా శిల్పంలో మేఖల పడుతోంది. ఎగ్మూరులో దాన్ని నగ అనుకుని వదిలేశాను.

అమ్మాయి అరమండి వేసింది. గుడ్డ మోకాలి దాకా పోయింది, కాలు చాపగానే తనంతట తనే కిందకి దిగింది. పక్కనుంచి లైటు వేయమన్నాను. తొడ మీద రెండు గీతలు, చీలమండ దగ్గర రెండు గీతలు. లైట్ల కుర్రాడు దగ్గరికొచ్చి, వంగి చూసి, "ఉన్నాయండీ" అన్నాడు. బట్టలు ఉన్నాయని అతని ఉద్దేశం.

మిల్లు నూలు ఆరింటికీ వాలు అంత రాలేదు. ప్రేక్షకులు తేడా పట్టలేదు. కట్టుకున్న వాళ్ళు పట్టారు. ఆఖరి వారంలో చేతినూలు గుడ్డ కోసం చిన్న గొడవ కూడా జరిగింది.

గొడవలు, రాజీలు

రవిక. అమరావతిలో లేదు. మూడు వందల ఏళ్ళ తర్వాతి అజంతాలో ఉంది. 1వ గుహలో మహాజనక జాతకం దగ్గర నాట్యం చేసే అమ్మాయికి పొడుగు చేతుల కుట్టిన అంగీయే ఉంది. వేదిక మీద ఏదో ఒకటి వేయక తప్పదు. చాలామంది ఒంటిరంగు బనియన్ వేస్తారు. నాకది నచ్చదు, లైట్లలో అది బొమ్మ తొడుగులా ఉంటుంది. అదే గుడ్డతో వెనక ముడేసే వక్షపట్టీ చేసి, పైన ఉత్తరీయం వేశాం. ఇది మా కల్పన అని కరపత్రంలో రాయించాను.

ముక్కుపుడక. మన పాత శిల్పాల్లో, సాంచిలో కానీ అమరావతిలో కానీ అజంతా బొమ్మల్లో కానీ, ముక్కుకి ఆభరణం లేదు. చాంతిసిరి వేసే అమ్మాయి "మా అమ్మమ్మ తీయొద్దంది" అంది. మేకప్ మైనంతో కప్పేశాం. అమ్మమ్మ ముందు వరసలో కూర్చుని కూడా కనిపెట్టలేదు.

రంగులకి రాయి సాయం చేయదు. మొహెంజొదారో వెండి పాత్రకి అంటుకుని దొరికిన నూలుగుడ్డ ముక్కకి మంజిష్ఠ జాతి ఎరుపు ఉంది. అంటే పటిక లాంటిది వాడి నూలుకి ఎర్రరంగు పట్టించడం అప్పటికే తెలుసు. దాన్ని ఆసరా చేసుకుని అంచులకి మంజిష్ఠ, నీలి, ఒళ్ళంతా పత్తి సొంత రంగు. ఒక అంచుగుడ్డని మా అసిస్టెంటు ఇనప బకెట్లో ఉడికించేసింది. ఇనుము తగిలితే మంజిష్ఠ ఎరుపు చచ్చి ముదురు గోధుమరంగుకి దిగుతుంది. పాపం, ఏడ్చేసింది. ఆ గుడ్డ భిక్షుణికి కాషాయమైంది. నా ప్లాన్లో ఉన్న కాషాయం కంటే బాగుంది.

తర్వాత

ప్రదర్శన జరిగింది. రెండు చోట్ల ముడి వదులైంది, మేఖల ఆపింది. నూలు కండె పట్టుకుని వచ్చే స్త్రీ ఘట్టంలో హాలు నిశ్శబ్దంగా ఉంది. కరపత్రంలో నర్తకుల పేర్ల కింద వడికిన అయిదుగురి పేర్లూ వేయించాం. వాళ్ళని అడిగే వేశాం. వాళ్ళలో ఒకావిడ ఇంటిపేరు తప్పు పడింది, ఫోన్ చేసి తిట్టింది.

మూడో ప్రదర్శనలో బోధిసిరి అంతరీయం మోకాలి దగ్గర బెత్తెడు చిరిగింది. పొందూరు పెద్దావిడకి చెబితే మొదట అడిగింది చిరుగు అడ్డంగానా, నిలువుగానా అని. అడ్డంగా అన్నాను. పడుగు పోగులు తెగాయన్నమాట.

"ఆ పడుగు నాదే. ఆ వారం కంట్లో పువ్వు ఆపరేషనయ్యి కూకున్నాను. నలుసు సరిగా సూడలేదు. ఆ గుడ్డ ఇలగ పంపమ్మా."

స్పీడ్ పోస్టులో పంపాను.